ఇంటిల్లిపాదీ ఆడుకోవడానికి నింటెండో స్విచ్ తెప్పించుకోవచ్చా? ఏ మోడల్, ఏ ఆటలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది విజయవాడ. పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్న మీ బావగారు "ఏం తెమ్మంటావ్" అని అడిగారు. నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకునీ, టీవీకి తగిలించీ ఆడుకునే వీడియో గేమ్ యంత్రం) తెప్పించుకుంటే ఇంట్లో అందరూ కలిసి ఆడుకుంటారా, లేక పిల్లలు దానికే అతుక్కుపోతారా? తెప్పించుకుంటే ఏ మోడల్, ఏ ఆటలు? మీ అమ్మగారు ఆడగలిగేది ఏదైనా ఉందా?

ముందు సూటిగా జవాబు. తెప్పించుకోండి. టీవీకి తగిలించుకునే స్విచ్ తెమ్మనండి, వీలైతే ఓఎల్ఈడీ మోడల్. స్విచ్ లైట్ అనే చవక మోడల్ మాత్రం వద్దు. మొదట మూడు ఆటలు చాలు: మారియో కార్ట్ 8 డీలక్స్, క్లబ్‌హౌస్ గేమ్స్ 51, సూపర్ మారియో బ్రదర్స్ వండర్. బావగారి పెట్టెలో ఇంకా చోటుంటే నాలుగో ఆట అడగకండి, ఇంకో జత జాయ్‌కాన్లు అడగండి. జాయ్‌కాన్లంటే స్విచ్‌కి అటూ ఇటూ ఉండే చిన్న కంట్రోలర్లు. విడదీస్తే ఒక జత ఇద్దరికి సరిపోతుంది. రెండు జతలుంటే నలుగురు.

మాది విశాఖ. 2018 నుంచి మా ఇంట్లో స్విచ్ ఉంది. కొన్నప్పుడు మా పెద్దాడికి ఆరేళ్ళు, చిన్నది ఒళ్ళో పాప. ఇప్పుడు ఇద్దరూ నన్ను ఓడిస్తున్నారు. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. కాబట్టి ఇక్కడ రాసేదంతా మా హాల్లో చూసిందే.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. అందరూ ఏది గొప్ప ఆట అంటే అది కొన్నాను. అప్పట్లో ఎవరిని అడిగినా జెల్డా, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనేవారు. 2017 మార్చి 3న స్విచ్‌తో పాటే వచ్చిన ఆట. నిజంగానే గొప్ప ఆట, అందులో రెండో మాట లేదు. కానీ ఒక్కరే ఆడేది. మా ఆయన రాత్రి పదింటికి మొదలుపెట్టేవారు, మేమంతా కాసేపు చూసి నిద్రపోయేవాళ్ళం. ఆరు నెలలపాటు అది మా ఆయన వస్తువుగానే ఉండిపోయింది. ఆ తర్వాత మారియో కార్ట్ కొన్నాక గానీ ఇంటి వస్తువు కాలేదు. అప్పటినుంచి నాది ఒకటే లెక్క: ఇంట్లో అందరికంటే ఆడటం చేతకానివాళ్ళు ఎవరో చూసి, వాళ్ళు కూడా కూర్చోగలిగే ఆటే కొనాలి. మా ఇంట్లో ఆ మనిషి అత్తయ్య. మీ ఇంట్లో బహుశా ఆరేళ్ళ పాపో, అమ్మగారో.

ఈ లెక్కకి మారియో కార్ట్ ఎందుకు సరిపోతుందో కాస్త వివరంగా చెప్పాలి. అది కార్ల పందెం. తెర నాలుగు ముక్కలై నలుగురూ ఒకేసారి ఆడొచ్చు. బండి ఎంచుకునే చోట రెండు సదుపాయాలుంటాయి. స్మార్ట్ స్టీరింగ్ పెడితే బండి రోడ్డు దాటి గుంటలో పడదు, అదే లోపలికి లాక్కుంటుంది. ఆటో యాక్సిలరేట్ పెడితే బటన్ నొక్కి పట్టుకోనక్కర్లేదు, బండి దానంతట అదే పోతుంది. స్మార్ట్ స్టీరింగ్ ఉన్న బండికి వెనక చిన్న యాంటెనా మొలుస్తుంది, దాన్ని చూస్తే ఎవరు ఆ సాయంతో ఆడుతున్నారో తెలిసిపోతుంది. కొన్ని అడ్డదారులు ఆ బండికి కుదరవు. మలుపులో బండిని జార్చితే వచ్చే అదనపు వేగాల్లో అన్నిటికంటే పెద్దది కూడా రాదు. అంటే సాయం ఊరికే దొరకదు, ఆట ఆరితేరినవాళ్ళకి అన్యాయమూ జరగదు.

అత్తయ్య మొదటిసారి ఆడినప్పుడు మలుపు వచ్చిన ప్రతిసారీ ఆవిడే పక్కకి ఒరిగిపోయేవారు. కుడి మలుపైతే సోఫాలో కుడివైపున్న నామీదకి, ఎడమ మలుపైతే మామయ్య మీదకి. జాయ్‌కాన్‌ని ప్రసాదం దొప్ప పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నారు. మొదటి పందెంలో పన్నెండో స్థానం, అంటే చిట్టచివర. మూడో పందెంలో ఏడు. అసలు కిటుకు ఏమిటంటే, దారిలో దొరికే పెట్టెల్లో వెనకబడినవాళ్ళకే మంచి ఆయుధాలు వస్తాయి. ముందున్నవాడికి అరటితొక్కలు, నాణేలు. చివరున్నవాడికి తూటాలా దూసుకుపోయే శక్తి. నీలం రంగు డిప్ప ఒకటుంది, అది మొదటి స్థానంలో ఉన్నవాడిని వెతుక్కుంటూ వెళ్ళి మరీ పేలుతుంది. ఆవిడ ఒకరోజు ఏం నొక్కారో ఆవిడకే తెలియకుండా ఆ డిప్ప వదిలారు, గీత ముందు మా ఆయన బండి గాల్లోకి లేచింది. ఆరోజు నుంచి ఆవిడని పిలవనక్కర్లేదు, సాయంత్రం కాఫీ అయ్యాక ఆవిడే వచ్చి కూర్చుంటారు.

మొదట్లో 50 సీసీ పెట్టండి, అన్నిటికంటే నెమ్మదైన వేగం అది. ఆట కార్డులో 48 ట్రాకులు వస్తాయి, తర్వాత విడిగా అమ్మిన బూస్టర్ పాస్‌తో ఇంకో 48. పాస్ ఇప్పుడే అక్కర్లేదు. మా ఇంట్లో ఆ 48కే రెండేళ్ళు పట్టింది.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడ కోసమే క్లబ్‌హౌస్ గేమ్స్ 51 అన్నాను. 2020లో వచ్చింది. పేరులోనే ఉన్నట్టు 51 ఆటలు ఒకే కార్డులో ఉంటాయి. అందులో లూడో ఉంది, చదరంగం ఉంది, క్యారమ్స్ కూడా ఉంది. మామయ్య క్యారమ్స్ ఒక్కసారి ఆడి "పౌడరు చల్లని బోర్డేం బోర్డు" అని లేచిపోయారు. ఆయనతో నేనూ ఏకీభవిస్తాను. కానీ అత్తయ్య విషయం వేరు. నైన్ మెన్స్ మోరిస్ అనే ఆట తెరిచాను. మూడు చదరాలు ఒకదానిలో ఒకటి, మధ్యలో గీతలు. నేను ఇంగ్లీషులో ఉన్న నియమాలు చదువుతుంటే ఆవిడ "చదవడమెందుకే, ఇది దాడి" అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడారట, ఒకరివి చింతపిక్కలు, ఒకరివి గులకరాళ్ళు. మూడు వరుసగా పెడితే అవతలివాళ్ళది ఒకటి తీసేయడం. అదే ఆట. పావుగంటలో మా పెద్దాడిని రెండుసార్లు చిత్తు చేశారు. వాడికి కార్ల పందెంలో గెలిచే బామ్మ కంటే, ఇలా ఓడించే బామ్మే ఎక్కువ ఆశ్చర్యం.

మంకాలా అని ఇంకోటి ఉంది, వామనగుంటలకి చుట్టం. మనకి ఒక్కో వైపు ఏడు గుంటలైతే ఇందులో ఆరు, చివర గింజలు పోగేసుకునే పెద్ద గుంట ఒకటి. మనలాగా ఆగినచోట పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచుకుంటూ పోవడం ఉండదు. ఆఖరి గింజ మన పెద్ద గుంటలో పడితే ఇంకో ఆట వస్తుంది. అమ్మగారికి వామనగుంటలు వచ్చి ఉంటే మొదటి రోజు "ఇదేం ఆట, సగం ఆట" అంటారు. రెండోరోజు లెక్క పట్టేస్తారు. ఒక కుందేలూ మూడు వేటకుక్కల ఆట కూడా ఉంది, మన పులి-మేక ఆడినవాళ్ళకి దాని ధోరణి వెంటనే తెలుస్తుంది. బలమున్నదాన్ని తక్కువ బలమున్నవి చుట్టుముట్టి కదలకుండా చేయడమే.

ఇదే కార్డులో హనాఫుడా అని పూలబొమ్మల పేకాట కూడా పెట్టారు. 48 ముక్కలు, పన్నెండు నెలలకి పన్నెండు రకాల పూలూ మొక్కలూ. నింటెండో కంపెనీ 1889లో క్యోటోలో మొదలైంది ఈ ముక్కలు తయారుచేయడానికే. వీడియో గేములు ఎనభై తొంభై ఏళ్ళ తర్వాతి మాట. నాకైతే ఆ పేకాట ఇప్పటికీ అర్థం కాలేదు, బొమ్మలు మాత్రం చాలా బాగుంటాయి.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ మారియో వండర్. 2023లో వచ్చింది, నలుగురి వరకూ కలిసి ఆడొచ్చు. మన తరం వాళ్ళం క్యాసెట్ ఊది పెట్టి ఆడిన మారియోకి ఇది మనవడు. ఎంచుకోవడానికి చాలామంది ఉంటారు. వాళ్ళలో యోషీలనే డైనోసార్లకీ నాబిట్ అనే పాత్రకీ శత్రువు తగిలినా ఏమీ కాదు. పాపకి యోషీని ఇవ్వండి, బాబుకి మారియో. యోషీ మారియోని వీపున ఎక్కించుకుని మోయగలదు, అంటే అన్నయ్యని మోసేది చెల్లెలే. ఆ మాట చెబితే చాలు, పాప ఇంకే బొమ్మా ముట్టుకోదు. ఎవరైనా చనిపోతే కాసేపు దెయ్యంలా తేలుతారు, ఈలోపు రెండోవాళ్ళని తాకితే మళ్ళీ బతుకుతారు. వెనకటి మారియోల్లో నలుగురు ఆడితే ఒకరినొకరు తోసుకుని గుంటలో పడేసుకునేవారు. ఆ ఆటల రోజుల్లో మా ఇంట్లో ఏడుపు లేని ఆదివారం లేదు. ఇందులో ఒకరిలోంచి ఒకరు దాటి వెళ్ళిపోతారు, గొడవే లేదు. ఆ చిన్న మార్పు చేసినవాళ్ళకి కచ్చితంగా ఇద్దరు పిల్లలుండి ఉంటారని మా ఆయన అంటారు.

కర్బీ, ఫర్‌గాటెన్ ల్యాండ్ కూడా ఇద్దరికి బాగుంటుంది. తేలిక స్థాయి విడిగా ఉంటుంది, డెమో ఉచితం. ముందు అది ఆడించి చూడండి.

స్విచ్ స్పోర్ట్స్‌ని మొదటి మూడింటిలో కావాలనే పెట్టలేదు. బాగుండక కాదు. టెన్నిస్, బ్యాడ్మింటన్, బౌలింగ్, వాలీబాల్ అన్నీ చేయి ఊపి ఆడతారు. చుట్టాలు వచ్చినప్పుడు దాన్ని మించిన ఆట లేదు. బౌలింగ్ అయితే డెబ్భై ఏళ్ళవాళ్ళు కూడా రెండు నిమిషాల్లో పట్టేస్తారు. కానీ దానికి చోటు కావాలి. మన హాళ్ళలో టీపాయ్, దివాన్, నెత్తిమీద ఫ్యాను. పిల్లలు దివాన్ ఎక్కి స్మాష్ కొట్టబోతే చేయి ఎక్కడ తగులుతుందో ఆలోచించండి. మా ఇంట్లో రూల్: స్పోర్ట్స్ ఆడేటప్పుడు కాళ్ళు నేల మీదే ఉండాలి, మణికట్టుకి పట్టీ ఉండాలి. ఈ రూల్ ఎలా పుట్టిందంటే, మా ఆయన పట్టీ లేకుండా బౌలింగ్ వేశారు. జాయ్‌కాన్ వెళ్ళి షోకేసు అద్దానికి తగిలింది. అద్దం ముక్కలు ఏరుతూ కూడా "స్ట్రైక్ పడిందా?" అని అడిగారు ఆ మనిషి.

పట్టీ అనగానే గుర్తొచ్చింది. ఆ పట్టీకి ఉన్న పట్టాల మీద ప్లస్ గుర్తో మైనస్ గుర్తో ఉంటుంది. ప్లస్ ఉన్నది ప్లస్ బటన్ ఉన్న జాయ్‌కాన్‌కే ఎక్కించాలి. తిరగేసి తోస్తే ఇరుక్కుపోయి రాదు. లాగితే విరుగుతుందేమోనని భయం. దీని మీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

మీ ఆవిడకి వీడియో గేములంటే పడవని రాశారు. యానిమల్ క్రాసింగ్, న్యూ హొరైజన్స్ చూపించి చూడండి. ఓ దీవిలో ఇల్లు కట్టుకోవడం, చేపలు పట్టడం, మొక్కలు నాటడం, ఇంటి అప్పు తీర్చుకోవడం. వడ్డీ లేని అప్పు, గడువూ లేదు, ఇది కల్పిత కథ అని అక్కడే తెలిసిపోతుంది. అందులో కాలం మన గడియారంతో పాటే నడుస్తుంది. రాత్రి పదింటికి కొట్టు కట్టేస్తారు. ఆదివారం పొద్దున ఒకామె టర్నిప్ దుంపలు అమ్మడానికి వస్తుంది, మళ్ళీ ఆదివారం లోపల మంచి ధరకి అమ్ముకోకపోతే కుళ్ళిపోతాయి. టమాటా ధరలు చూసేవాళ్ళెవరికైనా ఈ టెన్షన్ కొత్త కాదు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. ఒక స్విచ్‌కి ఒకటే దీవి. ఇంట్లో ఎనిమిది మంది వరకూ ఆ దీవిలోనే ఇళ్ళు కట్టుకోవచ్చు కానీ, మొదట మొదలుపెట్టినవాళ్ళదే పెత్తనం. వంతెన ఎక్కడ కట్టాలి, కొట్టు ఎక్కడ పెట్టాలి, అన్నీ వాళ్ళ చేతిలోనే. మా ఇంట్లో మొదలుపెట్టింది పెద్దాడు, నేను ఏడాదిపాటు వాడి దయమీద బతికాను. కాబట్టి మీ ఆవిడే ముందు మొదలుపెట్టాలి. ఇంకోటి, అందులో మాటలన్నీ ఇంగ్లీషులో చదువుకోవాలి. ఆరేళ్ళ పాప ఒంటరిగా ఆడలేదు. అసలు స్విచ్‌లో తెలుగు భాషే లేదు, ఆట కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

మోడళ్ళ సంగతి. లైట్ వద్దని ఎందుకన్నానంటే దాన్ని టీవీకి పెట్టలేం, కంట్రోలర్లు విడిపోవు. చవక అని తెచ్చుకుంటే ఒకరు ఆడుతుంటే ముగ్గురు చూడాలి. మామూలు స్విచ్‌కి 6.2 అంగుళాల తెర, ఓఎల్ఈడీకి 7 అంగుళాలు. టీవీలో చూస్తే రెండూ ఒకటే. తేడా చేతిలో పట్టుకున్నప్పుడే. ఓఎల్ఈడీకి వెనక వెడల్పాటి స్టాండు ఉంటుంది, రైల్లో ట్రే మీద నిలబెట్టుకోవచ్చు, పాతదాని స్టాండు అగ్గిపుల్లంత. లోపల జాగా మామూలుదానికి 32 జీబీ, ఓఎల్ఈడీకి 64. ఒక మైక్రో ఎస్‌డీ కార్డు ఎలాగూ కావాలి.

స్విచ్ 2 కొనాలా అని కూడా అడిగారు. 2025 జూన్ 5న వచ్చింది. తెర 7.9 అంగుళాలు, లోపల 256 జీబీ. అమెరికాలో విడుదల ధర దాదాపు 450 డాలర్లు. పాత స్విచ్ ఆటలు చాలావరకూ అందులో ఆడతాయి. డబ్బు ఇబ్బంది కాకపోతే తీసుకోండి, ఇకపై పెద్ద ఆటలు దానికే వస్తాయి. కానీ మీ బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. స్విచ్‌కి ఇప్పటికే ఉన్న ఆటలన్నీ వాళ్ళకి కొత్తవే. నేనైతే ఓఎల్ఈడీ తీసుకుని మిగిలిన డబ్బు జాయ్‌కాన్లకీ ఆటలకీ పెడతాను. స్విచ్ 2 తీసుకుంటే మాత్రం మూడు జాగ్రత్తలు. పాత మైక్రో ఎస్‌డీ కార్డులో దాని ఆటలు పెట్టలేం, ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కొనాలి. రెండోది, కొన్ని ఆటల డబ్బాల మీద గేమ్ కీ కార్డ్ అని రాసి ఉంటుంది. అంటే కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే, ఆటంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి. మూడోది, టోక్యోలో ఉన్న మీ స్నేహితుడు చవగ్గా తెస్తానన్నాడని రాశారు కదా. అక్కడ అమ్మే చవక రకంలో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది, జపాన్ ఖాతాతోనే పనిచేస్తుంది. వద్దనండి.

మన దేశంలో నింటెండోకి అధికారిక అమ్మకాలు లేవు. ఇక్కడ దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవే, షాపుకో ధర. అందుకే బావగారు తేవడం మంచిదే. దీనికి సంబంధించి నాలుగు మాటలు చెబుతాను.

చార్జర్ 100 నుంచి 240 వోల్టుల వరకూ తీసుకుంటుంది. అమెరికాది కదా అని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనకండి. పిన్నులు చదునుగా ఉంటాయి కాబట్టి మార్పిడి ప్లగ్గు ఒకటి చాలు, కాకపోతే గట్టిగా కూర్చునేది చూసుకోండి. ఆటల కార్డులకి దేశం పట్టింపు లేదు, అమెరికాది, జపాన్‌ది, దుబాయ్‌ది ఏదైనా ఆడుతుంది. కానీ ఆ ఆటకి తర్వాత అదనపు ట్రాకుల్లాంటివి డౌన్‌లోడ్ కొనుక్కోవాలంటే కార్డు ఏ ప్రాంతానిదో ఖాతా కూడా ఆ ప్రాంతానిదే అయ్యుండాలి. మీకు అన్నీ అమెరికా నుంచే వస్తాయి కాబట్టి ఖాతా కూడా అమెరికా పేరుతోనే తెరవండి. ఆన్‌లైన్ షాపులో ఇండియా లేదు, మన బ్యాంకు కార్డులతో తిప్పలు. గిఫ్ట్ కార్డు కోడ్ బావగారిని అక్కడే కొని వాట్సాప్‌లో పంపమనండి. పెట్టె విమానంలో చేతి సామానులోనే తెమ్మనండి, బ్యాటరీ ఉన్న వస్తువు కదా.

రిపేరు సంగతి కూడా ముందే తెలుసుకోండి. జాయ్‌కాన్ స్టిక్కు కొన్నాళ్ళకి దానంతట అదే పక్కకి లాగడం, డ్రిఫ్ట్ అంటారు, లోకమంతా తెలిసిన సమస్య. ఇక్కడ అధికారిక సర్వీసు లేదు. మా ఊళ్ళో ఒక మొబైల్ రిపేరు షాపులో ఇస్తే స్టిక్కు మార్చాడు కానీ లోపలి సన్నని రిబ్బన్ వైరు తెంపేశాడు. రెండోసారి మా ఆయనే విడి స్టిక్కు తెప్పించి, చిన్న స్క్రూడ్రైవర్లు పెట్టుకుని, డైనింగ్ టేబుల్ మీద తెల్ల పంచె పరిచి మార్చారు. స్క్రూలు కనబడాలని పంచె. ఓపిక ఉంటే అరగంట పని.

మన పక్క దీనికి ఇంకో సుఖముంది. కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది, స్విచ్ ఆరదు. డాక్‌లోంచి, అంటే టీవీకి కలిపే పీఠంలోంచి, పైకి తీస్తే ఆట తెర మీద ఆగినచోటే ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నాలు మా పిల్లలు మామిడి టెంకలు చీకుతూ మేడమెట్ల మీద కూర్చుని ఆడినవి ఎన్నో.

ఇక అతుక్కుపోతారన్న భయం. అది నిజమైన భయమే, కొట్టిపారేయను. ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ పెట్టుకోండి, ఉచితం. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆపాలి, ఏ వయసు ఆటలు తెరుచుకోవాలి, అన్నీ పెట్టొచ్చు. ఎవరు ఏ ఆట ఎంతసేపు ఆడారో రోజూ చూపిస్తుంది. అందులో రెండు విషయాలు గమనించండి. మామూలు స్విచ్‌లో టైమ్ లిమిట్ పరికరం మొత్తానికి ఒకటే, పిల్లకొకటి కాదు. గంట పెడితే అన్నయ్య యాభై నిమిషాలు ఆడేసి చెల్లికి పది మిగులుస్తాడు. పంపకం మీరే చేయాలి. రెండోది, టైమ్ అయిపోగానే ఆట దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఒకటుంది. అది పెట్టకండి. ఆఖరి మలుపులో తెర ఆగిపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. హెచ్చరిక మాత్రం వచ్చేలా ఉంచండి.

నిజానికి మా ఇంట్లో పనిచేసింది యాప్ కాదు. నిమిషాల లెక్క మానేసి కప్పుల లెక్క పెట్టుకున్నాం. మారియో కార్ట్‌లో నాలుగు పందేలు కలిపి ఒక కప్పు, సుమారు పావుగంట. "ఇంకో పది నిమిషాలు" అంటే బేరం మొదలవుతుంది. "ఇంకో కప్పు అయ్యాక భోజనం" అంటే కప్పు దానంతట అదే అయిపోతుంది, బహుమతి ఇస్తారు, పాట వస్తుంది, లేస్తారు. మారియో వండర్‌కైతే లెవెళ్ళ లెక్క. డాక్ హాల్లోనే ఉండాలి, పడగ్గదిలోకి వెళ్ళకూడదు. ఈ రెండు చాలు. పదేళ్ళవాడు స్కూల్లో విని ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ ఆట అడుగుతాడు, ఉచితం అంటాడు. దిగడానికే ఉచితం, లోపలంతా అంగడే. షాపులో పాస్‌వర్డ్ లేకుండా ఏదీ కొనకుండా సెట్టింగ్ పెట్టుకోండి. వాడు మైన్‌క్రాఫ్ట్ అడిగితే మాత్రం నేను కాదనను.

ఆన్‌లైన్ సభ్యత్వం వెంటనే అక్కర్లేదు. ఇంట్లో నలుగురు ఆడుకోవడానికి అది అవసరమే లేదు. ఎప్పుడైనా తీసుకుంటే ఫ్యామిలీది తీసుకోండి, ఏడాదికి 35 డాలర్లు, ఎనిమిది ఖాతాల వరకూ. మీ బావగారి పిల్లలనీ కలుపుకోవచ్చు, డాలస్ నుంచి వాళ్ళూ విజయవాడ నుంచి మీవాళ్ళూ ఆదివారం పొద్దున పందెం వేసుకోవచ్చు. వాళ్ళకి శనివారం రాత్రి అవుతుంది. దాంతోపాటు మన చిన్నప్పటి మారియో, బెలూన్ ఫైట్, ఐస్ క్లైంబర్ వస్తాయి. మన 9999 ఆటల పసుపు క్యాసెట్లో ఇవన్నీ ఉండేవి, గుర్తుందా? బెలూన్ ఫైట్ ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాటా తర్వాత నింటెండోకే అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు చచ్చిపోతే వెనక్కి తిప్పుకునే బటన్ కూడా ఉంది. నేను సిగ్గుపడకుండా వాడతాను.

కార్డులు కొనాలా డౌన్‌లోడ్ కొనాలా అన్నదానికి నా ఓటు కార్డులకే. నింటెండో సొంత ఆటల ధర ఏళ్ళు గడిచినా పెద్దగా తగ్గదు. అంటే మీరు ఆడేసిన కార్డుకి కూడా మంచి ధర వస్తుంది, లేదా ఇంకో ఇంటితో మార్చుకోవచ్చు. మేం మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండిళ్ళతో అలాగే మార్చుకుంటున్నాం. కాకపోతే కార్డు గోరంత ఉంటుంది, పోతే దొరకదు. మూడు డబ్బాలనీ టీవీ కింద సొరుగులో పెట్టి, ఆట మార్చినప్పుడల్లా పాతది డబ్బాలో పెట్టాకే కొత్తది తీయాలని అలవాటు చేయండి.

చుట్టాల ఇళ్ళలో పసిపిల్లలుంటే మింగుతారేమోనని భయపడతారు. కార్డు చిన్నది కాబట్టి అందకుండా పెట్టడం ఎలాగూ మంచిదే. కానీ నోట్లో పెట్టుకుంటే వెంటనే ఉమ్మేసేలా దానికి విపరీతమైన చేదు పూత పూస్తారు, డెనటోనియం బెంజోయేట్ అని. మా చిన్నది ఏడాది పిల్లప్పుడు ఒకసారి పెట్టుకుని మొహం అష్టవంకరలు తిప్పి ఉమ్మేసింది. మా ఆయన "మరీ అంత చేదుంటుందా" అని తనూ నాకి చూశారు. ఆ రాత్రి పెరుగన్నం కూడా చేదుగానే ఉందన్నారు.